రెండోసారి పోసిన నీళ్ళు

జనవరి 19, 1998, సోమవారం

ఈ డైరీ ఎరువుల కొట్టువాళ్ళు మా ఆయనకిచ్చారు. ఆయన రాసేవి కొబ్బరి దింపు తారీఖులే, అవీ గోడమీద బొగ్గుతో. కాబట్టి డైరీ నాదయింది. పెళ్ళయ్యాక చాకలిపద్దు తప్ప ఏమీ రాయలేదేమో, అక్షరాలు వంకర పోతున్నాయి.

నిన్న పోలియో చుక్కలు. ఆయనే పాపని ఎత్తుకుని బడి దగ్గరికి తీసుకెళ్ళారు, వెనకాలే నేను. చుక్కలతో ఆయనకి పేచీ లేదు. అవి గుచ్చుకోవు. పాప నాలుక చప్పరించి ఇంకా కావాలన్నట్టు చూస్తే మురిసిపోయారు కూడా. అంతలో నర్సు ఇందిరగారు, "వచ్చే నెల మొదట్లో పాపకి తొమ్మిది నిండుతాయి కదండీ, తట్టు సూదికి తీసుకురండి," అన్నారు. ఆవిడ మాట పూర్తి కాకుండానే ఈయన పాపతో సహా ఇంటిదారి పట్టారు. ఇద్దరి తరఫునా నేనే "ఆయ్, తెస్తామండి" అనాల్సొచ్చింది.

తెస్తామో లేదో నాకు తెలీదు.

సెప్టెంబరు సంగతి ఎప్పుడూ ఎక్కడా రాయలేదు. ఇక్కడ రాసేస్తే తలలోంచి పోతుందేమో. ఆ రోజు నాకు ఒంట్లో బాగాలేక ఆయనే పాపని తీసుకెళ్ళి ట్రిపుల్ సూది రెండోది వేయించుకొచ్చారు. సాయంత్రానికి పాప ఒళ్ళు కాలిపోయింది. చలిజ్వరమనుకుని దుప్పటి చుట్టి భుజానేసుకుని తిప్పుతున్నారు. ఆ భుజం మీదే బిగుసుకుపోయింది. కళ్ళు పైకి తిరిగిపోయాయి. స్కూటరు మీద అమలాపురం చేరేసరికి పాప మామూలైపోయి డాక్టరుగారి మెడలో గొట్టం లాగుతోంది. జ్వరం ఎక్కువైతే కొందరు పిల్లలకి ఇలా ఫిట్స్ వస్తుందనీ, మామూలుగా దీనివల్ల తర్వాత ఏ లోపమూ ఉండదనీ, ఈసారి ట్రిపుల్‌లో కోరింత దగ్గు మందు మానేసి మిగతావి వేద్దామనీ ఆయన చెప్పారు. నేను అన్నీ విన్నాను. మా ఆయన మాత్రం "సూది వల్ల" అన్న రెండు మాటలే విన్నారు.

ఆ దుప్పటి ఇప్పుడు అటక మీద ఉంది. దింపనివ్వరు.

జనవరి 24

ఇవాళ మాటామాటా పెరిగింది. తట్టు సూది విషయం నేనే ఎత్తాను. ఆయన చుట్టుకుంటున్న కొబ్బరిపీచు పక్కన పెట్టారు. తర్వాత నిదానంగా అన్నారు:

"చూడు సత్యా. అమ్మవారు వస్తే అది అమ్మవారు చేసిన పని. సూది వేయిస్తే నేను చేసిన పని. మళ్ళీ అలాగైతే నేనేం చెప్పుకోవాలి?"

దీనికి జవాబు ఉందని నాకు తెలుసు. ఎక్కడుందో వెతుక్కోవడం రాక పక్కదారి పట్టాను. అమ్మవారు చేసిన పని ఎలా ఉంటుందో ఇంట్లోనే చూస్తున్నాం కదా అన్నాను.

అత్తయ్యగారు అరుగు మీద చేట పట్టుకుని బియ్యం బాగుచేస్తున్నారు. ఆవిడ ఎడమ కంట్లో పువ్వు. అయిదేళ్ళప్పుడు తట్టు పోసి కన్ను పోయింది. ఆవిడ మాత్రం పోయిందనరు, అమ్మవారు ముట్టుకున్న కన్ను అంటారు, పేరంటాల్లో గొప్పగా కూడా చెప్పుకుంటారు. నా మాట ఆవిడకి వినబడింది. చేట చెరగడం ఆగి మళ్ళీ మొదలైంది. నాలుక కొరుక్కున్నాను గానీ ఏం లాభం.

జనవరి 26

మాటల్లేవు. కూరలో ఉప్పెక్కువైనా ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

జనవరి 29

పాపకి జ్వరం. సూది లేకుండానే వచ్చింది, ఎవరి మీద పెట్టుకుంటారో చూద్దాం అనుకున్నాను. అనుకున్నందుకు సిగ్గుపడి తడిగుడ్డ పెడుతూ కూర్చున్నాను.

జనవరి 31

పొద్దున్నకి జ్వరం జారిపోయింది. జారాక వీపు మీదా పొట్ట మీదా ఎర్రగా సన్నగా పేలింది. పాప హాయిగా ఉంది, పాలు తాగింది. అత్తయ్యగారు గుమ్మంలోంచే చూసి "అమ్మవారు" అన్నారు. ఆ మాట ఆవిడ అన్నాక ఇంక ఇంట్లో ఎవరి ఇష్టమూ సాగదు. గుమ్మానికి వేపమండ, పక్క మీద వేపాకు. తాలింపు లేదు, వేపుడు లేదు. ఆయన చప్పిడి పప్పు తిని "బాగుంది" అన్నారు. నాతోనే అన్నారు.

ఫిబ్రవరి 3

అత్తయ్యగారు నీళ్ళు పోశారు. వేపాకూ పసుపూ వేసిన గంగాళం పొద్దుటినుంచీ ఎండలో పెట్టాం. చద్ది, చలిమిడి నైవేద్యం. పాప నీళ్ళలో చేతులు కొట్టి అందర్నీ తడిపింది.

సాయంత్రం ఆయన మల్లెపూలు తెచ్చారు. ఇంక గొడవ లేదు. అమ్మవారు ఒకసారి చూసిపోతే మళ్ళీ రాదు, ఇది అందరికీ తెలిసిన సంగతే. సూది అక్కర్లేదు. ఎవరమూ ఓడిపోలేదు. ఎంత తేలికగా ఉందో, ఇంట్లో గదులు పెద్దవైనట్టున్నాయి.

ఫిబ్రవరి 4, బుధవారం

ఇందిరగారు వచ్చారు. పాపకి తట్టు వచ్చి తగ్గిపోయిందండీ అన్నాను. ఆవిడ పాప చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. మచ్చ ఒక్కటి లేదు. వచ్చిపోయాక తెలుసుకోవడం తనవల్ల కాదనీ, పేలినవన్నీ తట్టు కావనీ, ఒకవేళ నిజంగా వచ్చినా సూది వేయిస్తే నష్టమేమీ లేదనీ చెప్పారు. వచ్చే బుధవారం కూడా ఉంటానన్నారు.

సాయంత్రం ఆయనకి చెబుదామనుకున్నాను. మర్చిపోయాను.

ఫిబ్రవరి 12

ఎలక్షన్ల జీపులు. మైకు వినబడితే చాలు పాప చేతులూపుతుంది. ఏ పార్టీ అని చూడదు.

నిన్న బుధవారం. నాకు పిండి రుబ్బే పని పడింది, వెళ్ళలేదు.

కొన్ని విషయాలు రాసిపెడుతున్నాను. జ్వరం తగ్గాక పేలింది. దగ్గు లేదు. కన్ను ఎర్రబడలేదు. మచ్చలు నల్లబడలేదు, రెండ్రోజుల్లో మాయం. అమ్మవారు ఒక్కొక్కరి దగ్గరికి ఒక్కో రకంగా వస్తుందేమో. రాసి చదువుకుంటే నాకే నవ్వొస్తోంది. అయినా కొట్టెయ్యలేదు.

ఇంకో సంగతి. మా వీధిలో ఏ పిల్లకి అమ్మవారు పోసినా అత్తయ్యగారు వెళ్ళి ముందుగా కళ్ళే చూస్తారు. ముఖం వెలుతురుకి తిప్పి, రెప్ప ఎత్తి, తన మంచి కన్ను దగ్గరగా పెట్టి మరీ చూస్తారు. పాపకి అలా చూసినట్టు గుర్తులేదు. చూసే ఉంటారు, నేను వంటింట్లో ఉన్నప్పుడు.

ఫిబ్రవరి 21

కాలవ అవతల ఊళ్ళో తట్టు తగిలిందట. పాలు పోసే ఆవిడ చెప్పింది. మనకేం భయం అన్నారు ఆయన, పాపని గాల్లోకి ఎగరేస్తూ. మనకేం భయం అన్నాను నేనూ.

ఫిబ్రవరి 25, శివరాత్రి

ఉపవాసం. ఇందిరగారు గుడి దగ్గర కనబడితే ఇటునుంచి ఇటే తిరిగొచ్చేశాను.

మార్చి 2

మర్చిపోయానని ముందెక్కడో రాశాను. మర్చిపోలేదు. చెబితే ఆ మల్లెపూల ముందు రోజులు మళ్ళీ వస్తాయని చెప్పలేదు.

మార్చి 7, శనివారం

మా తోడికోడలు వెంకటదుర్గ పుట్టింటికి అంతర్వేది వైపు వెళ్ళి నెల పైనే అయింది. ఇవాళ మధ్యాహ్నం వచ్చింది, పిల్లాడు నాగబాబుని భుజాన వేసుకుని. వాడికి నాలుగేళ్ళు. జ్వరం, దగ్గు, కళ్ళు ఎర్రగా ఉండి నీళ్ళు కారుతున్నాయని వాళ్ళ ఇంటి పక్కావిడ వచ్చి చెప్పింది. మా మరిది రొయ్యల చెరువుల దగ్గరే ఉండిపోయారట. దుర్గ ఇల్లు మా వీధి చివరే. అత్తయ్యగారు చేతిలో పని చేతిలోనే వదిలేసి పరుగున వెళ్ళారు, రాత్రికి రాలేదు.

మార్చి 9, సోమవారం

నిన్నటిది ఇవాళ రాస్తున్నాను. నిన్న చెయ్యి ఆడలేదు.

నిన్న పొద్దున్నే దుర్గ కబురు పంపింది. నాగబాబుకి ముఖమంతా అమ్మవారు పోసిందట. వాడు ఎవరితోనూ మాట్లాడకుండా గోడవైపు తిరిగి పడుకుంటున్నాడట. పాపంటే వాడికి ప్రాణం. పాపకి ఎలాగూ అయిపోయింది కాబట్టి తీసుకొచ్చి కాసేపు వాడి దగ్గర కూర్చోబెట్టమంది. అమ్మవారు చూసి వదిలిన పిల్లని అమ్మవారున్న ఇంట్లో కూర్చోబెట్టడం మా అత్తవారి వైపు మర్యాద. రోగి త్వరగా తేరుకుంటాడని నమ్మకం. అలాంటి పిల్ల ఇంట్లో ఉండీ పంపకపోతే అమ్మవారిని అనుమానించినట్టు.

పాపకి పట్టుగౌను వేశాను. నిజంగానే వేశాను. కాటుక కూడా పెట్టాను. చంకన వేసుకుని వీధి చివరిదాకా నడిచాను. వాళ్ళ గుమ్మానికి వేపమండ కట్టి ఉంది. కాళ్ళు కడుక్కోవడానికి చెంబుతో నీళ్ళు పెట్టి ఉన్నాయి. కడుక్కున్నాను. లోపల నాగబాబు దగ్గు వినబడుతోంది, పొడిగా, ఆపకుండా. దుర్గ తలుపు దగ్గరికొచ్చి "రా అక్కా" అంది.

నా కాలు లేవలేదు.

గౌను సర్దాను. జారని కొంగు సర్దాను. పాప ముఖం తుడిచాను. అంతా సరిగ్గానే ఉంది, సర్దడానికి ఇంకేం మిగల్లేదు. దుర్గ నన్నే చూస్తోంది. నాకు పాపకి అయిపోయిందన్న నమ్మకం ఉంటే లోపలికి వెళ్ళాలి. వెళ్ళకపోతే ఈ నెలంతా నేను నమ్మినట్టు నటించానన్నమాట. ఇంత తేలికైన లెక్క నాకు ఇంతకుముందు ఎవరూ వెయ్యలేదు.

అత్తయ్యగారు లోపల్నించి చూశారు. లేచి వచ్చి, దుర్గని పక్కకి జరిపి, గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు.

"సత్యా, పిల్లని తీసుకుని ఇంటికెళ్ళిపో."

"పాపకి అయిపోయిందిగా అండీ," అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలీదు. ఆవిడ నోట ఇంకోసారి ఆ మాట వింటే కాలు లేస్తుందని ఆశ ఏమో.

"నీళ్ళు పోసింది నేనేనమ్మా," అన్నారు మెల్లిగా. "అమ్మవారు రాలేదు. వెళ్ళిపో."

వచ్చేశాను. సగం దారిలో పరిగెత్తాను. ఇంటికొచ్చి పట్టుగౌను విప్పి పాపకి తల మీంచి స్నానం చేయించి, నేనూ తల మీంచి పోసుకుని, తడిచీరతోనే కూర్చుని ఏడ్చాను. దుర్గ ముఖం కళ్ళముందే ఉంది. తన పిల్లాడి దగ్గరికి నా పిల్లని తేలేకపోయాను. తనకి కోపం వచ్చిందో, భయం వేసిందో.

సాయంత్రం అత్తయ్యగారు స్నానం చేసి, చీర మార్చుకుని వచ్చారు. వాకిట్లోనే దూరంగా కూర్చున్నారు, పాపని ముట్టుకోలేదు. మా ఆయన్ని పిలిచి చెప్పారు. మేమిద్దరం మాట్లాడుకోవడం మానేశామట. ఇంట్లో ఎవరికీ అన్నం దిగడం లేదట. పాపకి పేలింది చూసి, అమ్మవారి పేరు చెబితే ఇద్దరూ సర్దుకుంటారు కదా అనుకున్నారట. మూడు రోజులు చప్పిడి తిండితో పోతుందనుకుంటే ఇంతదాకా వచ్చిందన్నారు. "ఆవిడ పేరు అబద్ధానికి వాడేను. లెంపలేసుకున్నాను," అన్నారు.

ఆయన నా వైపు తిరిగి, నీకు తెలుసా అని అడిగారు. తెలుసన్నాను. ఇందిరగారు చెప్పినదీ, నేను చెప్పనిదీ కూడా చెప్పాను. అరుస్తారనుకున్నాను. ఆయన తల వంచుకుని "నాకూ అనుమానమే," అన్నారు. "అడిగితే నిజమని తేలిపోతుందని అడగలేదు."

ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూడలేక పాపని చూస్తూ కూర్చున్నాం. అది మట్టి తింటోంది.

ఇవాళ అమలాపురం వెళ్ళొచ్చాం. నాగబాబుని దుర్గ పొద్దున్నే అక్కడికే తీసుకెళ్ళింది, వాడి కళ్ళకి మందు వేశారు. మేం మధ్యాహ్నం వెళ్ళాం, వాళ్ళు వెళ్ళిపోయాక. ఆయన అడిగినన్ని ప్రశ్నలు ఆ డాక్టరుగారిని ఎవరూ అడిగి ఉండరు. మళ్ళీ ఫిట్స్ రాదని కాగితం రాసివ్వగలరా అని కూడా అడిగారు.

"రాసివ్వలేనండి," అన్నారు డాక్టరుగారు. "జ్వరం రావచ్చు. ఫిట్స్ మళ్ళీ వచ్చే అవకాశం తక్కువ, లేదని మాత్రం అనను. కానీ తట్టు వస్తే అది ఊపిరితిత్తుల్లోకి దిగుతుందో, కళ్ళకి పోతుందో ఎవరం చెప్పలేం. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నేను సూదే వేస్తాను."

ఈ సూదికి జ్వరం ఆ రోజే రాదట. వారం దాటాక వస్తుందట, వస్తే. అందులో ఉండేది తట్టేనట, బలం తీసేసిన తట్టు. ఒంట్లో అది పెరగడానికి అన్ని రోజులు పడుతుందట. జ్వరం వస్తే దుప్పటి చుట్టకుండా ఒళ్ళు తుడిచి మందు వెయ్యమన్నారు.

"ఎప్పుడొస్తుందో ముందే తెలిస్తే నేను ఇంట్లో ఉంటానండి," అన్నారు మా ఆయన. "ఆ సారి ఎవరూ చెప్పలేదు. నేను దుప్పటి చుట్టేను."

ఆర్నెల్లుగా ఆయన మోస్తున్నది సూది మీద కోపం అనుకున్నాను. ఆ దుప్పటట.

మార్చి 11, బుధవారం

వేయించాం. నేను పట్టుకుంటానంటే ఒప్పుకోలేదు. "ఏదొచ్చినా నా చేతిలోనే రానీ," అన్నారు. సూది దిగినప్పుడు పాప కంటే ముందు ఆయన కళ్ళు మూసుకున్నారు. ఇందిరగారు నన్ను ఏమీ అడగలేదు, గుడి దగ్గర పారిపోయిన సంగతి కూడా.

మార్చి 12

ఏమీ లేదు.

మార్చి 14

ఏమీ లేదు. నాగబాబు మచ్చలు నల్లబడుతున్నాయట. అత్తయ్యగారు అక్కడే ఉంటున్నారు. రోజూ పొద్దున్నే వాడి రెప్పలు తడిపి విప్పి చూసి, మా వాకిట్లోంచి "తెరిచేడు" అని కేకేసి వెళ్తున్నారు.

మార్చి 17

దింపు వాయిదా వేశారు. కాయ ముదిరి రాలిపోతోందని దింపువాళ్ళు రెండుసార్లు వచ్చిపోయారు. ఈయన ఊయల పక్కన పీట వేసుకుని కూర్చున్నారు. గంటకోసారి పాప నుదుటి మీద చెయ్యి పెట్టి, తర్వాత తన నుదుటి మీద, తర్వాత నా నుదుటి మీద పెట్టి చూస్తున్నారు. ముగ్గురికీ జ్వరం లేదు.

మార్చి 18

దుర్గ గుమ్మం అవతల నిలబడి పలకరించాను. నామీద కోపం వచ్చిందా అని అడిగాను. వచ్చిందంది. తర్వాత, "నువ్వు లోపలికి వచ్చి ఉంటే ఇప్పుడు నన్ను నేను తిట్టుకునేదాన్ని అక్కా," అంది. వాడు బాగా చిక్కిపోయాడు. దగ్గు ఇంకా ఉంది. కళ్ళు మాత్రం తేటపడ్డాయి.

మార్చి 19

వచ్చింది. మధ్యాహ్నం నించీ ఒళ్ళు వేడి. గౌను విప్పేసి తుడుస్తున్నాం, ఒకరు మార్చి ఒకరు. మందు వేశాం. పాప కాలు చిన్నగా కదిలినా ఇద్దరం ఉలిక్కిపడుతున్నాం. నిద్రలో ఒకసారి చెయ్యి విదిలించింది. ఆయన పాపని ఎత్తి పట్టుకుని నన్ను చూశారు. అది ఉత్త కలే. ఇంక రాయలేను.

మార్చి 20

జ్వరం ఉంది, నిన్నటంత లేదు. ఫిట్స్ రాలేదు. రాలేదు.

మార్చి 21

జ్వరం పోతోంది. చెవుల వెనక, మెడ మీద పల్చగా నాలుగు ఎర్రటి పొక్కులు. ఇందిరగారు వచ్చి చూసి, సూదికి కొందరిలో ఇలా వస్తుందనీ, ఎవరికీ అంటదనీ, ఇంక భయం లేదనీ చెప్పి టీ తాగి వెళ్ళారు.

కాసేపటికి అత్తయ్యగారు వచ్చారు. నాగబాబుకి నీళ్ళు పోయడం అయిపోయింది, ఆవిడ మళ్ళీ మా ఇంటి మనిషయ్యారు. చేతిలో వేపమండ. దాన్ని మా గుమ్మానికి కడుతుంటే మా ఆయన, ఇది సూది వల్ల వచ్చిందమ్మా, మళ్ళీ మొదలెట్టకు అన్నారు.

"సూదిలో ఉన్నది తట్టేనని డాక్టరు చెప్పేడన్నావు కదరా," అన్నారు ఆవిడ. "చిన్నగా వచ్చినా ఆవిడే కదా. మొన్న రాని అమ్మవారికి మర్యాద చేసేను. ఇప్పుడు వచ్చినావిడకి చెయ్యొద్దా?"

ఆయన వెళ్ళి స్టూలు తెచ్చి పట్టుకున్నారు, ఆవిడకి గుమ్మం పైభాగం అందక. ఇవాళ తాలింపు లేదు. చప్పిడి పప్పు ఆయనా నేనూ ఒకే కంచంలో తిన్నాం.

మార్చి 24

నీళ్ళు పోశారు. గంగాళం అదే, ఎండ కొంచెం ముదిరింది. దుర్గ కూడా వచ్చింది, నాగబాబు పాప పక్కన కూర్చుని నీళ్ళు చిలకరించాడు. అందరికంటే ఎక్కువ వాడే తడిశాడు. పాపని తుడవడానికి ఆయన అటక ఎక్కి పాత దుప్పటి దింపుకొచ్చారు. దులిపి ఎండలో వేసి, అది వేడెక్కాక తెచ్చి ఇచ్చారు.

తుడవడం అయ్యాక అత్తయ్యగారు పాపని ఒళ్ళో పడుకోబెట్టుకున్నారు. ముఖం వెలుతురుకి తిప్పారు. ఒక రెప్ప ఎత్తి, తన మంచి కన్ను బాగా దగ్గరికి పెట్టి చూశారు. తర్వాత రెండో రెప్ప. చాలాసేపు చూశారు. పాప ఆవిడ ముక్కుపుడక పట్టుకుని లాగుతుంటే లాగనిచ్చారు.

"ఈసారి వచ్చింది," అన్నారు. "వచ్చి చూసి వెళ్ళింది. కళ్ళు రెండూ దీనికే వదిలేసింది."